ఒక్క వేలితో పలికే మైనర్ కార్డు

మన ఇళ్లల్లో ఆడపిల్లల సంగీతం ఎక్కడ ఆగిపోతుందో మీకు తెలియంది కాదు. చిన్నప్పుడు సరళీ స్వరాలు, జంట స్వరాలు చెప్పిస్తారు. పెళ్లిచూపుల్లో "మా అమ్మాయి పాడుతుందండీ" అని చెప్పుకోవడానికి పనికొచ్చే నాలుగు కీర్తనలు వచ్చేదాకా మాస్టారు ఇంటికొస్తారు. పెళ్లయ్యాక మాస్టారూ ఉండరు, సాధనా ఉండదు. పుట్టింట్లో హార్మోనియం మీద ఇస్త్రీ బట్టలు పెడతారు. వీణ ఉంటే పాత దుప్పటి చుట్టి అటక మీదికి చేరుస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత పిల్లలు చదువులకని బయటి ఊళ్లకి వెళ్లిపోయాక, మధ్యాహ్నం పూట ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గొంతు సవరించుకుంటే అది మన గొంతేనా అనిపిస్తుంది. వయసుతో పాటు స్త్రీల గొంతు కొంచెం కిందికి దిగుతుంది. ఒకప్పుడు ఐదు శ్రుతిలో హాయిగా పాడినవాళ్లకి ఇప్పుడు పై షడ్జం అందదు. దాంతో "మనకి ఇక సంగీతం ఎందుకులే" అని ఆ మాట అక్కడితో వదిలేస్తాం.

అలా వదిలేయక్కర్లేదని చెప్పడానికే ఈ వ్యాసం. మూరెడు పొడవు, నాలుగు తీగలు ఉన్న ఒక బుల్లి వాద్యం ఉంది. దాని పేరు ఉకులేలే. దాని మీద మైనర్ కార్డు పలికించడానికి ఒక్క వేలు చాలు. కార్డు అంటే రేషన్ కార్డో, పెళ్లి కార్డో అనుకునేరు! మూడు నాలుగు స్వరాలు ఒకేసారి కలిసి పలికితే దాన్ని పాశ్చాత్య సంగీతంలో కార్డు అంటారు. మన భాషలో చెప్పుకోవాలంటే స్వరాల గుత్తి.

ఏ ఊరి వాద్యం ఇది?

ఉకులేలేని చూసిన వాళ్లంతా "గిటారు పిల్లా?" అని అడుగుతారు. చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ దీని కథ వేరు. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో పుట్టింది. పోర్చుగల్ వారి మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో కూలి పనికోసం కొన్ని వందల మంది 'రావెన్స్‌క్రాగ్' అనే ఓడలో 1879 ఆగస్టులో హవాయిలోని హొనొలులు రేవుకి చేరారు. ఆ ఓడలోనే మాన్యుయెల్ నూనెస్, అగస్టో డయాస్, జోసె దొ ఎస్పిరిటో శాంటో అనే ముగ్గురు వడ్రంగులు వచ్చారు. తమ దీవిలో వాయించే 'మషేట్' అనే చిన్న తీగ వాద్యాన్ని చూసుకుని, హవాయి చెక్కతో వాళ్లు తయారుచేసిందే ఉకులేలే. హవాయి భాషలో 'ఉకు' అంటే గోమారి లాంటి పురుగు, 'లేలే' అంటే గెంతడం. తీగల మీద వేళ్లు అంత చురుగ్గా గెంతుతాయని ఆ పేరు వచ్చిందంటారు. హవాయి రాణి లిలియుఓకలాని మాత్రం 'ఇక్కడికి వచ్చిన కానుక' అని అర్థం చెప్పారట. నాకు ఈ రెండోదే నచ్చింది.

ఈ రాణిగారి కథ భద్రాచలం పక్కన ఉండే మాలాంటి వాళ్లకి కొత్తగా అనిపించదు. 1893లో ఆవిడ సింహాసనం పోయింది. 1895లో ఆవిడని ఆవిడ రాజభవనంలోనే ఒక గదిలో నెలల తరబడి బంధించారు. ఆ గదిలో కూర్చుని ఆవిడ పాటలు కట్టారు. గోల్కొండ చెరసాలలో కూర్చుని కీర్తనలు కట్టిన మన రామదాసు గుర్తుకు రాలేదూ? ఎక్కడి భద్రాద్రి, ఎక్కడి హవాయి! బంధించినవాళ్లు తలుపు మూశారే గానీ పాటని ఆపలేకపోయారు.

ఇంకో సంగతి. అదే 1879లో, మే నెలలో, మన దేశం నుంచి చెరకు తోటల కూలీలతో మొదటి ఓడ ఫిజీ దీవులకి చేరింది. దాని పేరు 'లియోనిడాస్'. ఆ తర్వాత 1903 నుంచి మద్రాసు రేవు గుండా తెలుగువాళ్లు, తమిళులు కూడా ఫిజీకి వెళ్లారు. ఫిజీలో ఇప్పటికీ ఉకులేలే ఇంటింటి వాద్యం. అంటే చెరకు నరికి చేతులు కాయలు కాచిన మనవాళ్లు మనకంటే వందేళ్ల ముందే ఈ వాద్యం ఉన్న గడ్డ మీద బతికారన్నమాట.

పరాయి వాద్యం మనకెందుకు అంటారా?

అయితే మరి వయొలిన్ ఎవరిది? పాశ్చాత్యులదే. 1800 ప్రాంతాల్లో బాలుస్వామి దీక్షితులుగారు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. మన విజయనగరం సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893-1964) వాయించాక దాన్ని పరాయిది అనే ధైర్యం ఎవరికైనా ఉందా? హార్మోనియం యూరప్ నుంచి వచ్చింది. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో దానికి ప్రవేశమే లేదు. అయినా మన పద్యనాటకాలూ, భజన మందిరాలూ దాన్ని వదల్లేదు. మీలో కొందరి ఇళ్లల్లో టైపు మిషన్ లాంటి మీటలున్న బుల్‌బుల్ తార ఉండే ఉంటుంది. అది జపాన్ వాద్యానికి చెల్లెలు.

మాండొలిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇటలీ నుంచి వచ్చిన వాద్యం అది. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్‌గారు తండ్రిగారి మాండొలిన్ పట్టుకుని, రుద్రరాజు సుబ్బరాజుగారి దగ్గర నేర్చుకుని, 1978లో గుడివాడలో తొలి కచేరీ చేశారు. అప్పటికి తొమ్మిదేళ్ల పిల్లాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో ఆయన పోయేనాటికి వాద్యం పేరే ఇంటిపేరు అయిపోయింది. వాద్యం ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఎవరి ఒళ్లో పెరిగిందన్నదే లెక్క.

మనం శ్రీనివాస్‌గారిలా కచేరీలు చేయబోవడం లేదు. మధ్యాహ్నం అరగంట మనది అనిపించుకోవడానికి నేర్చుకుంటున్నాం. దానికి ఈ వాద్యం సరిగ్గా సరిపోతుంది. నైలాన్ తీగలు కాబట్టి వేళ్లు కోసుకుపోవు. చిన్నది కాబట్టి ఒళ్లో పెట్టుకోవచ్చు. శబ్దం మెత్తగా ఉంటుంది కాబట్టి పక్కింటికి వినిపించదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ఉకులేలేలో నాలుగు సైజులున్నాయి. 21 అంగుళాలది సొప్రానో, 23 అంగుళాలది కాన్సర్ట్, 26 అంగుళాలది టెనర్, 30 అంగుళాలది బారిటోన్. మన చేతులకి కాన్సర్ట్ సైజు వీలుగా ఉంటుంది. బారిటోన్‌కి శ్రుతి పద్ధతి వేరు కాబట్టి మొదట దాని జోలికి పోవద్దు. నేర్చుకోవడానికి పనికొచ్చేది రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. బొమ్మల దుకాణంలో వేలాడదీసే రంగురంగులవి మాత్రం కొనకండి. వాటి బిరడాలు జారిపోయి శ్రుతి నిలవదు.

కొనేముందు చిన్న పరీక్ష చేయండి. వీణకి మెట్లున్నట్టే దీనికీ లోహపు మెట్లుంటాయి. ఒక తీగని ఖాళీగా మీటండి. తర్వాత అదే తీగని పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటండి. అదే స్వరం పై స్థాయిలో వినిపించాలి. అంటే మధ్య షడ్జం, తార షడ్జం లాగా. రెండూ కలవకుండా అపస్వరం వినిపిస్తే ఆ వాద్యం ఎంత చవకైనా వద్దు.

నాలుగు తీగలు: ప, స, గ, ద

పుస్తకాల్లో తీగలకి ఇంగ్లీషు అక్షరాలు జి, సి, ఇ, ఎ అని రాస్తారు. హార్మోనియం తెలిసినవాళ్లకి అవి వరుసగా ఐదు, ఒకటి, మూడు, ఆరు శ్రుతులు. మన లెక్కలో ఒకటి శ్రుతిని షడ్జం అనుకుంటే ఆ నాలుగు తీగలూ 'ప, స, గ, ద' అవుతాయి. మోహన రాగంలో ఒక్క రిషభం తప్ప అన్నీ తీగల్లోనే ఉన్నాయి చూశారా! ఈ వ్యాసంలో తీగల్ని ఈ పేర్లతోనే పిలుచుకుందాం.

వాద్యాన్ని గుండెకి ఆనించి పట్టుకుంటే మన గడ్డానికి దగ్గరగా ఉండేది 'ప' తీగ. దాని కింద 'స', ఆ కింద 'గ', అన్నిటికన్నా కింద, నేల వైపు ఉండేది 'ద'. గిటారులో పై తీగ మంద్రంగా పలుకుతుంది. ఇందులో అలా కాదు. 'ప' తీగ కూడా మధ్య స్థాయిలోనే ఉంటుంది, అన్నిటికన్నా కింది స్వరం 'స' తీగది. ఉకులేలేకి ఆ కిలకిలమనే నవ్వు అందువల్లే వస్తుంది.

శ్రుతి చేసుకోవడానికి ఫోనులో ట్యూనర్ పెట్టుకోవచ్చు. హార్మోనియం ఉంటే ఇంకా మంచిది, చెవికి అలవాటవుతుంది. ఒక్క 'స' తీగని ఒకటి శ్రుతికి కలుపుకుంటే మిగతావి దాంతోనే సరిచేసుకోవచ్చు. 'స' తీగ నాలుగో మెట్టు మీద 'గ' పలుకుతుంది, దానికి 'గ' తీగని కలపండి. 'గ' తీగ మూడో మెట్టు మీద 'ప' పలుకుతుంది, దానికి 'ప' తీగని కలపండి. 'గ' తీగ ఐదో మెట్టు మీద 'ద' పలుకుతుంది, దానికి 'ద' తీగని కలపండి. కొత్త తీగలు సాగుతాయి కాబట్టి మొదటి పది పదిహేను రోజులు కూర్చున్నప్పుడల్లా శ్రుతి దిగిపోతుంది. వాద్యం పాడైందని కంగారుపడకండి.

ఇక మైనర్ కార్డు

మనం నేర్చుకోబోయేది 'ఎ మైనర్'. దీనికి కావలసినవి: ఎడమ చెయ్యి మధ్యవేలు ఒకటి, గోళ్లు తీసిన వేలి కొన, కాస్త ఓపిక.

1. కుర్చీలో గానీ పీట మీద గానీ నడుం నిటారుగా పెట్టి కూర్చోండి. వాద్యాన్ని కుడి మోచేతి లోపలి వైపుతో గుండెకి ఆనించి పట్టుకోండి. ఎడమ చెయ్యి బరువు మొయ్యక్కర్లేదు, వాద్యం మెడని ఊరికే ఆసరాగా పట్టుకుంటే చాలు.

2. ఎడమ బొటనవేలు మెడ వెనక వైపు ఉంచండి. అరచెయ్యి మెడకి అతుక్కోకూడదు. మధ్యలో చిన్న నిమ్మకాయ పట్టేంత సందు ఉండాలి.

3. 'ప' తీగ మీద, అంటే గడ్డానికి దగ్గరున్న తీగ మీద, రెండో మెట్టుకి కొంచెం వెనకగా మధ్యవేలి కొనతో నొక్కండి. లోహం మీద కాదు, దాన్ని ఆనుకుని ముందున్న ఖాళీలో.

4. మిగతా మూడు తీగల్నీ ఏ వేలూ తాకకూడదు.

5. కుడిచేతి చూపుడువేలి గోటితో పై తీగ నుంచి కింది తీగ దాకా ఒక్కసారి మెల్లగా దువ్వినట్టు మీటండి. మెడ, పెట్టె కలిసేచోట మీటితే శబ్దం మెత్తగా వస్తుంది.

అంతే. అదే ఎ మైనర్. నాలుగు తీగలూ వరుసగా 'ద, స, గ, ద' అని పలుకుతాయి.

ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. నొక్కిన 'ప' తీగా, ఖాళీగా ఉన్న 'ద' తీగా ఇప్పుడు అచ్చంగా ఒకే స్వరం పలకాలి. రెండిటినీ విడివిడిగా మీటి చూడండి. ఒకే మనిషి రెండుసార్లు పిలిచినట్టుంటే శ్రుతి సరిగ్గా ఉన్నట్టు. తేడా వినిపిస్తే బిరడా తిప్పండి. పప్పులో ఉప్పు చూసుకున్నట్టు, కూర్చున్నప్పుడల్లా మొదట ఈ పరీక్ష చేసుకోండి.

సరిగ్గా పలకకపోతే

తీగ 'టప్' మని మూగగా పలుకుతోందా? వేలు సరిగ్గా నొక్కలేదు, లేదా గోరు అడ్డొస్తోంది. ఎడమచేతి గోళ్లు పెంచుకోవడం మానాల్సిందే.

జుయ్‌మని మోత వస్తోందా? వేలు మెట్టుకి మరీ దూరంగా ఉంది. ఒక గింజంత ముందుకి జరపండి.

'స' తీగ పలకడం లేదా? మధ్యవేలు పడుకుని పక్క తీగని తాకుతోంది. వేలి కణుపుని కొంచెం పైకి ఎత్తి, ముగ్గు చుక్క పెట్టేటప్పటిలా కొన మీద నిలబెట్టండి.

వేలు నొప్పి పుడుతోందా? మొదటి వారం మామూలే. రోకలి పట్టిన చేతులకి, పచ్చళ్లు కలిపిన చేతులకి ఇదొక లెక్క కాదు. కానీ గిన్నెలు కడిగి, బట్టలు ఉతికి నాని ఉన్న వేళ్లతో మాత్రం వాయించకండి, చర్మం త్వరగా కమిలిపోతుంది. పనికి ముందు గానీ, చేతులు పూర్తిగా ఆరాక గానీ కూర్చోండి.

మేజర్‌కీ మైనర్‌కీ తేడా ఎంత?

చిటికెడంత. ఎ మైనర్ పట్టుకున్న వేలు తియ్యకుండా, చూపుడువేలితో 'స' తీగని మొదటి మెట్టు దగ్గర నొక్కి మీటండి. అది ఎ మేజర్. ఇప్పుడు చూపుడువేలు తీసేయండి. మళ్లీ మైనర్. పెట్టండి, తీయండి. పెట్టండి, తీయండి. దీపం వెలిగించి ఆర్పినట్టు గదిలో వెలుగు మారడం మీకే తెలుస్తుంది.

ఏం జరిగిందో మన సంగీతం భాషలో చెప్పుకుందాం. కాసేపు 'ద' నే షడ్జం అనుకోండి. అప్పుడు మన కార్డులో ఉన్నవి షడ్జం, గాంధారం, పంచమం. షడ్జం మారలేదు, పంచమం మారలేదు. మారింది ఒక్క గాంధారమే. సాధారణ గాంధారం ఉంటే మైనర్, అంతర గాంధారం ఉంటే మేజర్. మనం చిన్నప్పుడు సరళీ స్వరాలు మాయామాళవగౌళలో నేర్చుకున్నాం కదా, అందులో ఉన్నది అంతర గాంధారం. శంకరాభరణంలోనూ అదే. ఖరహరప్రియలో, నటభైరవిలో, హిందోళంలో ఉండేది సాధారణ గాంధారం. పాశ్చాత్యుల మైనర్ స్కేలు మన ఇరవయ్యో మేళకర్త నటభైరవి స్వరాలే.

మన తంబురాని గుర్తు చేసుకోండి. అది మామూలుగా షడ్జ పంచమాలే చెబుతుంది, గాంధారం జోలికి పోదు. ఆ మాట చెప్పే పని రాగానికి వదిలేస్తుంది. కార్డు అలా కాదు, గాంధారం కూడా తనే చెప్పేస్తుంది. అందుకే మైనర్ కార్డు పట్టుకుని దాని మీద అంతర గాంధారం ఉన్న పాట పాడితే పాలల్లో నిమ్మరసం పిండినట్టు విరిగిపోతుంది. పైగా మెట్ల మీద కార్డు పట్టుకున్నప్పుడు గమకాలు రావు. కాబట్టి తోడి, భైరవి లాంటి రాగాల్లో కీర్తనలకి ఈ కార్డులు జోడించాలని చూడకండి. జోలపాటలు, భజనలు, సినిమా పాటలు, రేల పాటల్లాంటి సూటి వరసలు అయితే చక్కగా ఒదుగుతాయి.

మైనర్ అంటే ఏడుపేనా?

పుస్తకాల్లో మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే విషాదం అని రాసేస్తారు. ఒప్పుకోనక్కర్లేదు. హిందోళం విన్నప్పుడు మీకు ఏడుపొస్తుందా? మనసు కుదుటపడుతుంది. శుద్ధ ధన్యాసిలో ఎంత హుషారైన పాటలు లేవు! ఇంకో చిత్రం చెప్పనా? మోహన రాగంలో 'ద' ని షడ్జం చేసుకుని అవే స్వరాలు పాడితే శుద్ధ ధన్యాసి అవుతుంది. మన సంగీతంలో దీన్నే గ్రహభేదం అంటారు. ఉకులేలే ఖాళీ తీగల్లో కూడా ఇదే ఉంది. 'స' ని ఇంటి పెద్ద అనుకుంటే ఆ నాలుగు తీగలూ మేజర్ పక్షం, 'ద' ని పెద్ద అనుకుంటే మైనర్ పక్షం. స్వరాలవే, ఎవరి వైపు నుంచి చూస్తున్నామన్నదే తేడా. ఉమ్మడి కుటుంబంలో ఉన్నవాళ్లకి ఇది వేరే విడమరిచి చెప్పాలా?

కాకపోతే మైనర్ కార్డులో ఒక గుణం ఉంది. అది నవ్వమని బలవంతపెట్టదు. పిల్లాణ్ణి హాస్టల్లో దింపి వచ్చిన రోజు, అమ్మకి ఒంట్లో బాగాలేదని ఫోనొచ్చిన రోజు, ఏ కారణమూ లేకుండా మనసు బరువుగా ఉన్న రోజు ఇంట్లో వాళ్లకి "ఏం లేదు" అనే చెబుతాం. వంట ఆగదు, మొహం మీద నవ్వు ఆగదు. అలాంటి రోజు ఆ ఒక్క కార్డుని పది నిమిషాలు మెల్లగా మీటుతూ కూర్చోండి. సమస్య తీరదు. కానీ చెప్పని మాట ఒకటి బయటికి పలికినట్టు ఉంటుంది. గొంతు పెగలని వాళ్లకి వేలు పలకడం తక్కువ సంగతి కాదు.

రెండో వారం: కార్డు నుంచి కార్డుకి

ఒక్క కార్డుతో పాట నడవదు. పక్కన మరో మూడు చేర్చుకుందాం. మీ దగ్గరున్న ఆ ఒక్క వేలే ఇందుకు పునాది.

సి మేజర్: 'ద' తీగ మూడో మెట్టు దగ్గర ఉంగరంవేలు. మిగతావి ఖాళీ. ప, స, గ, పై స పలుకుతాయి.

ఎఫ్ మేజర్: ఎ మైనర్‌లో ఉన్న మధ్యవేలు అలాగే ఉంచి, 'గ' తీగ మొదటి మెట్టు దగ్గర చూపుడువేలు. ద, స, మ, ద పలుకుతాయి.

డి మైనర్: ఎఫ్ మేజర్‌లో ఉన్న రెండు వేళ్లూ అలాగే ఉంచి, 'స' తీగ రెండో మెట్టు దగ్గర ఉంగరంవేలు చేర్చండి. ద, రి, మ, ద పలుకుతాయి. ఇది మీ రెండో మైనర్ కార్డు.

చూశారా, ఎ మైనర్, ఎఫ్, డి మైనర్ మూడిటిలోనూ మధ్యవేలు కదలదు. ఒక్కొక్క వేలు చేరుతూ పోతుందంతే.

సాధన ఇలా చేయండి. 'తకధిమి' అంటూ నాలుగు అక్షరాలకి నాలుగుసార్లు సి మీటండి. మళ్లీ 'తకధిమి' కి ఎ మైనర్. తర్వాత ఎఫ్. తర్వాత డి మైనర్. మళ్లీ సి కి రండి. మొదట ఎంత నెమ్మదిగా అంటే, కార్డు మార్చడానికి పట్టే వేళకి సరిపడా నెమ్మదిగా. కార్డు మారేచోట తాళం ఆగితే వేగం ఎక్కువైనట్టే, ఇంకా తగ్గించండి. ఇది కుదిరాక జోలపాటలకి 'తకిట తకిట' అని మూడేసి మీటి చూడండి. ఉయ్యాల ఊగినట్టు ఉంటుంది.

పాడాలనిపిస్తే పాడండి. శ్రుతి మరీ పైకి ఉందనిపిస్తే కింది స్థాయిలో కూనిరాగం తీయండి. వాద్యం తోడుంటే గొంతుకి భయం తగ్గుతుంది.

ఇంటి పనుల మధ్య

మా సారపాక లాంటి ఊళ్లల్లో ఉకులేలే నేర్పే మాస్టారు దొరకడం కష్టం. అందుకే మొదటి నెల మనకి మనమే మాస్టారం. రోజుకి గంట కూర్చోవాలని లెక్కపెట్టుకుంటే వారానికే మానేస్తాం. రోజుకి పది నిమిషాలు చాలు. కుక్కర్ మూడు విజిళ్లు వచ్చేలోపు ఒక కార్డు ఇరవైసార్లు పట్టి వదలొచ్చు. వాద్యం బీరువాలో పెట్టి తాళం వేస్తే మాత్రం చెయ్యి దానివైపు పోదు. చేతికి అందేచోట గోడకి తగిలించండి.

ఇక్కడ పేపరు మిల్లులో పని చేసేవాళ్ల ఇళ్లల్లో ఒక ఇబ్బంది ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటాడు. అలాంటప్పుడు గుర్రం దగ్గర, అంటే తీగలు కట్టిన చెక్కముక్క దగ్గర, తీగల కింద చేతిరుమాలు మడిచి పెట్టండి. శబ్దం సగానికి సగం తగ్గుతుంది. వేళ్ల సాధన ఆగదు, నిద్రా చెడదు.

కుడిచేతి గాజులు మీటుతున్నప్పుడు పెట్టె మీద టకటకమని కొడతాయి. తీయక్కర్లేదు, మోచేతి వైపుకి నెట్టి మీద ఒక రుమాలు చుట్టండి. మెళ్లో పుస్తెలతాడు, నల్లపూసలు వాద్యం వెనక గీతలు పెడతాయి. మధ్యలో కొంగు అడ్డం వేసుకోండి.

ఇక వాతావరణం. మన వైపు మే నెల ఎండలు మీకు తెలుసు. వాన కాలంలో గోదావరి పక్కన చెమ్మ సంగతీ తెలుసు. చెక్క ఎండకి బీటలిస్తుంది, చెమ్మకి ఉబ్బుతుంది. కాబట్టి కిటికీ ఎండలో, పొయ్యి దగ్గర, ఫ్రిజ్ మీద, ఎండలో నిలిపిన కారులో పెట్టకండి. మందుల డబ్బాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు పారేయకుండా వాద్యం సంచీలో వేయండి. వాయించాక పొడి నూలుగుడ్డతో తీగలు, మెట్లు తుడవండి. మన వాతావరణానికి పొరల చెక్కతో చేసినదే మేలు, ఒంటిచెక్క వాద్యాలకి శ్రద్ధ ఎక్కువ కావాలి.

ఎవరైనా ఏమైనా అంటే

అంటారు. "ఈ వయసులో ఇదేం సరదా" అనేవాళ్లు ఉంటారు. "సినిమాల్లో చేరతావా ఏంటి" అని నవ్వేవాళ్లూ ఉంటారు. వాదన పెట్టుకోకండి. కొత్తగా ఊరగాయ పెడితే మొదటి ఏడాది పేరు పెట్టినవాళ్లే రెండో ఏడాది గిన్నె పట్టుకొస్తారు కదా! మీ పది నిమిషాలు మీరు కూర్చోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల వేలు పట్టుకుని 'ప' తీగ రెండో మెట్టు మీద పెట్టించి మీటమనండి. నాలుగేళ్ల పిల్లకి కూడా ఒక్క వేలుంటుంది కదా.

అత్తగారు చిన్నప్పుడు హార్మోనియం నేర్చుకున్నారేమో అడగండి. ఆవిడ చెవి మన చెవి కన్నా మెరుగ్గా ఉంటుంది. "అమ్మాయ్, ఆ రెండు తీగలూ కలవలేదు" అని వంటింట్లోంచే చెబుతారు. ఆ మాట పట్టుకుని శ్రుతి సరిచేసుకోండి. ఆవిణ్ణి పిలిచి ఒకసారి మీటి చూడమనండి. ఎన్నేళ్ల నుంచి ఆగి ఉన్నారో ఆవిడా!